గాలాడని శాల

చోడవరంలో అక్క ఆవు రొప్పుతోందని బెల్లం లారీ మీద వచ్చిన మనిషి కబురు చెప్పినప్పటి నుంచి నాకు అన్నం సహించలేదు. బావ పోయాక అక్కకూ పిల్లలకూ ఆ జెర్సీ సీమావే ఆధారం. ఈని వారమైనా కాలేదు. మర్నాడు ఉదయం ఆరింటి పాసింజరుకి విశాఖపట్నంలో బయలుదేరాను. మే నెలలో అటు వెళ్ళేవారికి ఒక మాట: ఆ బండి తప్పితే ఇక ఎండలో పడి మాడడమే.

అనకాపల్లిలో దిగి, స్టేషను ఎదురుగా ఇడ్లీలు తీసుకుని, ఒకటి తిని మిగతావి వదిలేశాను. చోడవరం బస్సు కదిలేసరికి తొమ్మిదయింది. పక్కసీటులో బుచ్చయ్యపేట ముసలామె.

"ఏటి బాబూ, మొగం అలగుంది?"

చెప్పాను.

"సీమావా! మావూళ్ళో ఒకటి మొన్న మజ్జానం దాకా బాగానే ఉంది. సాయంకాలానికి కాళ్ళు సాపేసింది."

ఆవిడ ఓదార్చాననే అనుకుంది. అక్కడి నుంచి బస్సు ఆగిన ప్రతిచోటా నాకు డ్రైవరు మీద ఒళ్ళు మండింది.

బస్టాండులో దిగి, ఊరి చివర అనకాపల్లి రోడ్డు పక్కనున్న అక్క ఇంటికి వెనక్కి నడిచాను. రేకుల శాలకి నాలుగు వైపులా గోనె పట్టాలు కట్టి ఉన్నాయి. ఈనిన ఆవు పొదుగు పరాయి కళ్ళపడితే దిష్టి తగులుతుందని అక్క భయం. చల్లదనానికని వాటి మీద మాటిమాటికీ నీళ్ళు కూడా కొడుతోంది. పట్టా ఎత్తి తల లోపల పెడితే, వార్చే అన్నం మూత తీసినట్టు ఆవిరి కొట్టింది. ఈగలకని వేసిన వేపాకు పొగ ఎటూ కదలడం లేదు. ఆవు నాలుక వేలాడేసి, నురగ కారుస్తూ డొక్కలెగరేస్తోంది.

"డాక్టరుగారేరక్కా?"

"కోటపాడెల్లేరు. సాయంత్రం బస్సుకి గాని రారు. ఏటి సేద్దారా తమ్ముడూ?"

"లోపల గాలే లేదు. పట్టాలు విప్పేద్దాం."

"ఒద్దురా! రోడ్డంట ఎల్లేవోళ్ళంతా సూస్తారు. నీళ్ళు కొడతన్నాను కదా, సల్లబడతాది."

"గాలాడకపోతే ఆ నీళ్ళే దాన్ని ఉడకబెడతాయక్కా!"

అంతలో ఆవు ముందుకాళ్ళ మీద కూలబడింది. అక్క కెవ్వుమంది. తనే కొడవలి తెచ్చి పట్టాల తాళ్ళు కోసేసింది. నేను నిచ్చెనెక్కి కప్పు నడినెత్తిన ఒక రేకు తప్పించాను. పొగ అందులోంచి పైకి పోయింది. అక్క బిందెలతో ఆవు ఒంటి మీద నీళ్ళు గుమ్మరించింది.

రోడ్డు మీద జనం ఆగారు. "ఎంత పొదుగే!" అందెవరో. అక్క ముఖం పాలిపోయింది. అడ్డంగా నిలబడబోయి, గాలికి అడ్డమవుతానని కాబోలు, పక్కకి తప్పుకుంది.

"సూడండమ్మా, సూడండి. బతికుంటేనే కదా సూసేది!" అంది ఏడుస్తూనే.

పొద్దు వాలేసరికి రొప్పు తగ్గింది. డాక్టరుగారు వచ్చి సూది వేసి, శాల ఇలాగే ఉంచమన్నారు. మర్నాడు ఉదయం ఆవు నెమరు వేసింది. అంతవరకూ ఇంట్లో ఎవరం కాఫీ తాగలేదు.

మధ్యాహ్నం నన్ను బస్సెక్కించడానికి అక్క రాలేదు, ఆవు దగ్గరే ఉండిపోయింది. వెళ్ళేటప్పుడు ఆవు చచ్చిపోతుందేమోనని భయం. వచ్చేటప్పుడు, నేనిటు కదలగానే అక్క మళ్ళీ పట్టాలు కట్టేస్తుందేమోనని భయం. బస్సు అక్క ఇంటి దగ్గరికొస్తుంటే కిటికీలోంచి తల బయట పెట్టాను. శాలలోంచి అవతలి లేత చెరకు తోట కనిపించింది. మధ్యలో ఆవు నిలబడి గడ్డి తింటోంది. పొదుగుకి మాత్రం అక్క తన పాత చీర ముక్క చుట్టింది.