చదివించింది ఎవరండీ?

మా నిడదవోలు చుట్టుపక్కల, బుల్లియ్య ఖాళీగా లేడని పెళ్లి ముహూర్తం మార్చుకున్నవాళ్లు ఉన్నారు. నవ్వకండి, నిజమే చెబుతున్నాను. అతను పురోహితుడు కాదు, వంటమేస్త్రీ కాదు. తాళి కట్టాక బంధువులు చదివింపులు ఇస్తారు చూడండి, ఎవరెంత ఇచ్చారో మైకులో చదివే మనిషి. ఆ మైకు సెట్టు నాది. అప్పాజీ సౌండ్స్ అంటే ఆ రోజుల్లో తెలియనివాడు లేడు.

"ఉండ్రాజవరం వాస్తవ్యులు, ముత్యాల వెంకన్న గారు, పెళ్లికూతురికి నూట పదహార్లు చదివించారండోయ్!" అని బుల్లియ్య గొంతెత్తితే, పంక్తిలో కూర్చున్నవాళ్లు కూడా విస్తరిలోంచి తలెత్తేవారు. ఊరు, ఇంటిపేరు, మనిషి పేరు తెలియనిదే అతను అంకె చదివేవాడు కాదు. పదేళ్ల తర్వాత "మీరిచ్చింది యాభయ్యే", "కాదు, నూట పదహార్లు" అని రెండిళ్లవాళ్లు కొట్టుకుంటే చదివింపుల పుస్తకం తీసేవారు కాదు, బుల్లియ్యకి కబురు పెట్టేవారు. అతను చెప్పిందే మాట. ఉన్నది రెండు గదుల పెంకుటిల్లు, ఎకరం కౌలు. ఆస్తి అంటూ ఏదన్నా ఉంటే జనానికి ఆ గొంతు మీదున్న నమ్మకమే.

దాన్ని తగలబెట్టింది నేను.

2004 ఎన్నికలు. పల్లంరాజు గారని ఒక రిటైరైన మాస్టారు స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డారు. జెండా లేదు, జీపు లేదు, సైకిలు మీద తిరిగేవారు. పైన చేపల చెరువులవాళ్లు దొంగ తూములు పెట్టి కాలువ నీళ్లు లాగేస్తుంటే శివారు పొలాలు ఎండిపోతున్నాయి, ఆ తూములు మూయిస్తాను అన్నారాయన. శివారు ఊళ్లకి ఊళ్లే ఆయన వెనక కదిలాయి.

పోలింగు పది రోజులుందనగా గణేష్‌బాబు నన్ను పిలిచాడు. మా టౌన్లో కేబుల్ టీవీ, అందులో వచ్చే లోకల్ ఛానలూ అతనివే. బుల్లియ్య గొంతుతో ఒక ప్రకటన కావాలని కాగితం చేతిలో పెట్టాడు. అచ్చం చదివింపుల వరసలోనే రాశారు. ఫలానా చెరువు ఆసామి గారు పల్లంరాజు గారికి లక్ష చదివించారండోయ్, ఫలానా వారు రెండు లక్షలు చదివించారండోయ్, తూములు మూయించకుండా ఉండేందుకు! పేర్లన్నీ కొల్లేటి వైపు ఊళ్లవి, బుల్లియ్య ఎప్పుడూ పెళ్లికి వెళ్లనివి.

"ఇది నిజమేనంటారా?" అన్నాను.

"ఆధారాలున్నాయండి అప్పాజీ గారూ. అన్నట్టు, ఎలక్షన్ మీటింగులన్నిటికీ మైకులు మీవే. మాట తీసుకున్నాను" అన్నాడు.

ఆ రెండో మాట విన్నాక మొదటిదాని గురించి మళ్లీ అడిగితే ఒట్టు. నా బుద్ధి గడ్డి తిన్నది, ఏం చెప్పను.

బుల్లియ్య ఊరికే ఒప్పుకోలేదు. "ఆధారాలు నువ్వు చూశావంట్రా?" అని అడిగాడు. చూశానన్నాను. ఒక్క కాగితం ముక్క చూస్తే కదా! చిన్నప్పట్నుంచీ ఒక కంచంలో తిన్నవాళ్లం, నమ్మేశాడు.

స్టూడియో అంటే గణేష్‌బాబు మేడ మీద గది, కిటికీలకి దుప్పట్లు కట్టారు. అంతా చదివేశాక కూడా బుల్లియ్య మైకు వదల్లేదు.

"మరి ఈ ప్రకటన చదివించింది ఎవరండీ? ఆఖర్న చెప్పాలి కదండీ."

"రైతు శ్రేయోభిలాషులు అని చదివెయ్యండి" అన్నాడు గణేష్‌బాబు.

"ఏ ఊరండీ వాళ్లది? ఇంటిపేరేంటండీ?"

"అబ్బా, ఇది పెళ్లి కాదండీ బాబూ!"

"ఇంతమంది పేర్లు నాచేత చదివించారు. ఆయన పేరు చెప్పుకోడానికి ఏంటండీ అంత సిగ్గు?"

"పేరు తెర మీద వేస్తాంలెండి." బుల్లియ్య నా వంక చూశాడు. "వేస్తార్రా, పద" అన్నాను.

వెయ్యలేదు. రోజుకి ముప్పైసార్లు వచ్చేది, వార్తల మధ్యా సినిమా మధ్యా. డబ్బు ఎవరు కట్టారో ఎక్కడా లేదు. ఎవరూ అడగనూ లేదు. వాళ్లు వింటున్నది బుల్లియ్య గొంతు కదా! "బుల్లియ్య చదివాడంటే అబద్ధమెందుకవుద్దండీ" అనుకున్నారు టీ కొట్ల దగ్గర. పల్లంరాజు గారు సైకిలు మీద వెళ్తుంటే "మా వాటా ఎంతండీ మాస్టారూ!" అని కేకలేశారు. ఆయనకి డిపాజిట్టు కూడా దక్కలేదు.

ఫలితాలొచ్చిన మూడో రోజున బుల్లియ్య బస్సెక్కి ఆ కొల్లేటి ఊళ్లన్నీ తిరిగాడు. తను చదివిన ఆసాములు ఒక్కరంటే ఒక్కరు అక్కడ లేరు. తిన్నగా పల్లంరాజు గారింటికి వెళ్లి కాళ్ల మీద పడ్డాడు.

"కాళ్లు వదులు బుల్లియ్యా. ఎవరి డబ్బుకి చదివావో ఆ పేరు చెప్పు, నాకదే చాలు" అన్నారాయన.

చెప్పడానికి అతని దగ్గర పేరుంటే కదా. కేబుల్ ఆఫీసు మెట్ల మీద రోజూ కూర్చున్నాడు, గణేష్‌బాబు గెంటించాడు. ఎన్నికల ఆఫీసుకి అర్జీ పట్టుకుపోయాడు. అక్కడి గుమాస్తా ఫైలు తిరగేసి, "రైతు శ్రేయోభిలాషులు అని ఉందయ్యా. ఊరు దగ్గర ఖాళీ. అయినా చదివింది నువ్వే కదా, మమ్మల్నడుగుతావేంటి?" అన్నాడట. ఈలోగా సంగతి పొక్కి, పెళ్లిళ్లకి అతన్ని పిలవడం మానేశారు. మాస్టారి మీద అబద్ధం చదివినవాడి చేత మా ఇంటి చదివింపులా అన్నారు. నన్ను మాత్రం ఎవరూ ఏమీ అనలేదు.

డబ్బు ఎవరిదో నాకు తెలుసు. దొరబాబు గారిది. ఎనభై ఎకరాల చేపల చెరువులు ఆయనవి, పెద్ద దొంగ తూము ఆయనది. నా మీటింగు మైకుల బిల్లులూ ఆయన గుమాస్తాయే కట్టాడు. తొమ్మిది నెలలు నోరు కుట్టేసుకున్నాను. చివరికి బుల్లియ్య భార్య రత్తమ్మ మా ఇంటికొచ్చి, "అన్నం దగ్గర కూర్చున్నా అదే అడుగుతున్నారు అన్నయ్య గారూ, ఎవరు చదివించారూ, ఎవరు చదివించారూ అని. మనిషి నాకు దక్కేలా లేడండీ" అని ఏడ్చింది. ఆ సాయంత్రమే వెళ్లి చెప్పేశాను. బుల్లియ్య ఆ పేరు ఒకసారి మెల్లిగా పైకి అనుకుని ఊరుకున్నాడు.

ఆ మాఘమాసంలో అతన్ని పిలిచింది ఒకే ఒక్క పెళ్లికి, అదీ పెళ్లికూతురికి మేనమామ వరస గనక. దొరబాబు గారు వచ్చారు. కవరు తనే స్వయంగా బల్ల మీద పెట్టి వెళ్లి ముందు కుర్చీలో కూర్చున్నారు. బుల్లియ్య లేచి నిలబడ్డాడు. ఎన్నడూ నిలబడి చదవలేదు. ఊరూ ఇంటిపేరూ చదివి, గొంతెత్తాడు.

"దొరబాబు గారు, పెళ్లికొడుక్కి వెయ్యిన్నూట పదహార్లు చదివించారండోయ్! ఇదే దొరబాబు గారు, టీవీలో పల్లంరాజు మాస్టారి మీద అబద్ధం..."

నా చెయ్యి యాంప్లిఫయర్ మీదే ఉంది. కట్టేశాను. ఎవరూ చెప్పలేదు, ఎవరూ సైగ చెయ్యలేదు. వైశాఖంలో దొరబాబు గారింట్లో రెండు పెళ్లిళ్లకి మైకులు నావేనని మాటిచ్చారు మరి.

బుల్లియ్య ఆగలేదు, ఉత్త గొంతుతోనే అరిచాడు. పెళ్లికూతురి తండ్రి హడలిపోయి చెయ్యెత్తి "గట్టిమేళం! గట్టిమేళం!" అన్నాడు. తాళి కట్టేటప్పుడు చెడ్డమాట చెవిన పడకుండా వాయించే మేళం అది. డోళ్లు మోగిపోయాయి. బుల్లియ్య మెడ నరాలు ఉబ్బుతున్నాయి, పెదాలు కదులుతున్నాయి, పక్కన కూర్చున్న నాకే ఒక్క ముక్క వినపడలేదు. దొరబాబు గారు తాంబూలం అందుకుని వెళ్లిపోయారు.

మేళం ఆగాక అతను వచ్చి మైకు నా ఒళ్లో పెట్టాడు.

"కరెంటు పోయిందేంట్రా?" అన్నాడు.

పందిట్లో బల్బులన్నీ వెలుగుతున్నాయి. ఫ్యాన్లు తిరుగుతున్నాయి.

"అవున్రా, పోయింది" అన్నాను.