అర్ధవృత్తాల మధ్య మిగిలిన గుడ్డ

నేను పదో తరగతిలో ఉండగా మా చర్చిలో క్రిస్మస్ పాటలు పాడే పదిమంది పిల్లలకి తెల్ల శాటిన్ కేపులు కుట్టించాలన్నారు. కేపంటే భుజాల మీద కప్పుకునే అర్ధవృత్తం, అంతే. కుట్టేది మా వీధి టైలరక్క. ఎంత గుడ్డ కావాలో చెబితే చర్చి ఆడవాళ్ళు చిక్కపేట బట్టల బజారులో కొనుక్కొస్తారు.

"మీటరు పన్నా ఉండాది కదా, ఐదు మీటర్లు కావాల్నప్పా" అంది అక్క నాతో.

అప్పుడే బడిలో వృత్తాల పాఠం అయింది. దాంతో లోకానికి ఉపయోగపడాలని నా ప్రాణం కొట్టుకుంటోంది. గుడ్డ వెడల్పు మీటరు, కేపు వ్యాసార్థం యాభై సెంటీమీటర్లు. పై ఆర్ స్క్వేర్, అందులో సగం, దాన్ని పదితో గుణిస్తే నాలుగు చదరపు మీటర్లకి కాస్త తక్కువే వచ్చింది.

"నాలుగు చాలక్కా."

"గుండ్రంగా కోస్తే మూలలు పోతాయి కదప్పా."

"వైశాల్యం వైశాల్యమేనక్కా."

"సదువుకునేటోడివి, నీకు తెలీదా" అని ఆడవాళ్ళకి నాలుగే చెప్పింది.

పండగ ముందురోజు కోస్తే ఎనిమిదే వచ్చాయి, మళ్ళీ చిక్కపేట వెళ్ళే టైము లేదు. ఒక్కో కేపుకి పన్నా మొత్తం, అరమీటరు పొడవు పోయింది. మిగిలిన మూలముక్కలన్నీ కలిపి లెక్కేస్తే రెండు కేపుల వైశాల్యం కంటే కాస్త ఎక్కువే. నా లెక్క నిక్షేపంగా ఉంది. ఆ ముక్కల్ని తొడుక్కునే ఆకారంలో పిల్లలే లేరు.

పండగ రోజు ఇద్దరు కేపుల్లేకుండా చివర నిలబడ్డారు. ఒకమ్మాయి టైలరక్క కూతురే.

"నాలుగు చాలని నువ్వే కదా అన్నావు?" అని ఆడవాళ్ళు ఆవిణ్ని నిలదీశారు. అక్క ఒకసారి నా వైపు చూసింది. నేను పాటల కాగితాలు సర్దుతున్నాను. అప్పటికే సర్ది ఉన్నాయి, మళ్ళీ సర్దాను.

"నాదే తప్పు" అంది.

"టైలర్లకి గుడ్డ మిగుల్చుకోవడం అలవాటే లెండి" అని వెనక బెంచీలోంచి ఎవరో అన్నారు. దానికి కూడా నేను తలెత్తలేదు. మరుసటేడు కుట్టుపని వేరేవాళ్ళకి వెళ్ళింది.

కాలేజీలో చేరాక ప్యాంటు పొట్టి చేయించుకోడానికి వెళ్ళి, ధైర్యం కూడగట్టుకుని అన్నాను: "అక్కా, ఆ లెక్క నాదని ఆ రోజే చెప్పాల్సింది."

నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఉంది. తీసి చేతిలో పెట్టుకుంది.

"నాకు తెలిసిందే నాకు చెప్తావేందప్పా? వాళ్ళకి చెప్పు."

ఆ ఆడవాళ్ళు ఇప్పటికీ ప్రతి ఆదివారం కనిపిస్తారు. ఎలా ఉన్నావు బాబూ అంటారు. బాగున్నానంటాను.