దొంగ పక్కన అరుంధతి

తెలంగాణ కావాలన్న గొడవలతో బళ్లు మూతపడిన ఏడాది నాకు చుక్కల పేర్లన్నీ వచ్చేశాయి. పాఠాలు లేవు, మానుకోట టౌను వైపు ఎవరూ పోనిచ్చేవారు కాదు. పొద్దు గూకగానే వాకిట్లో నీళ్లు చల్లి మంచాలు వేసేవాళ్లం. బాపు తల్లి, మా బాపమ్మ, నా పక్కన పడుకొని చేయెత్తి చూపించేది. గుంపుగా ఉండేది పిల్లలకోడి, వరసగా ఉండే మూడూ గొల్లకావడి. అవి చలికాలపు చుక్కలు. ఎండాకాలం మాత్రం ముసలవ్వ మంచానిదే. నాలుగు చుక్కలు మంచం కోళ్లు, వెనకున్న మూడూ ఆ మంచాన్ని ఎత్తుకుపోతున్న దొంగలు. వాటినే పంతుళ్లు సప్తర్షులంటారనీ, నడిమి దొంగే వశిష్ఠుడనీ, అతన్ని ఆనుకొని ఉన్న చిన్న చుక్కను పెళ్లిళ్లలో అరుంధతి అని చూపిస్తారనీ ఆమెకు తెలుసు.

"దొంగ పక్కన పతివ్రత ఏంది బాపమ్మా?" అని అడిగాను.

"మొగడు దొంగైతే పెండ్లాం ఏం జేస్తది బిడ్డా, ఎంబడి నడుస్తది" అన్నది.

ఆ చిన్న చుక్క కనబడని మనిషి ఆరునెలలకు మించి బతకడని మా వైపు నమ్మకం. ప్రతి ఎండాకాలం బాపమ్మ దాన్ని వెతికి చూసుకొని, గండం గడిచినట్టే అని నవ్వుకునేది. ఆ ఏడాది చూసింది, కళ్లు నులుముకొని మళ్లీ చూసింది. లేదు. దొంగలు కూడా మసకగానే ఉన్నారట.

ఆమె కళ్లలో తెల్లటి పొర మాకందరికీ కనబడుతూనే ఉంది. వరంగల్ దవాఖానలో ఆపరేషన్ చేయిద్దామన్నాడు బాపు. "పోయేదానికి కండ్లెందుకురా?" అని మొండికేసింది. మంచి చీర ఒకటి తీసి పక్కన పెట్టించుకుంది. అన్నం సగానికి తగ్గించింది. అంత గట్టి మనిషి ఒక చుక్కకు జడిసి ఎండిపోతుంటే నాకు ఏడుపు కంటే కోపమే ఎక్కువ వచ్చేది.

ఒక సాయంత్రం అమ్మ అంట్లు కడిగి వచ్చి, కొంగుతో చేతులు తుడుచుకుంటూ పైకి చూసింది.

"నాకు సుత కనబడ్తలేదత్తమ్మా. మరి నేను గూడ పోవాల్నా? ఇద్దరం పోతే ఈళ్లకు బువ్వ ఎవలు వండుతరు? కండ్లు జూపిచ్చుకుందాం పా."

బాపమ్మ మంచం మీద లేచి కూర్చుంది. తర్వాత ఆకలైతున్నదన్నది. అమ్మ నావైపు తిరిగి నవ్వింది. ముసలామె కోసం ఆడిన అబద్ధమే అనుకున్నాం అందరం.

వానలు పడి, గొడవలు కాస్త సద్దుమణిగాక అమ్మే ఆమెను రైలెక్కించి తీసుకుపోయింది. కట్టు విప్పేదాకా దవాఖానలోనే ఉండి అన్నీ చూసుకుంది. కొన్నాళ్లకు మందపాటి అద్దాలు వచ్చాయి. అవి పెట్టుకొని బాపమ్మ మొదట చూసింది అమ్మ ముఖాన్నే.

"గింత పచ్చగున్నవేందే?" అన్నది.

కళ్లున్న మేమెవ్వరం అది చూడలేదు. కామెర్లు ముదిరిపోయాయి. ఆకుపసరు పోశారు, దవాఖానకూ తిప్పారు. దీపావళి రాకముందే అమ్మ పోయింది. అమ్మ లేని ఇల్లు ఎట్లా ఉంటుందో రాయడం నాకు ఇప్పటికీ చేతకాదు.

మరుసటి ఎండాకాలం బాపమ్మ వాకిట్లోకి రానంది. ఆ ఉక్కలో ఇంట్లోనే మంచం వేయించుకుంది. ఒక రోజు దీపాలు పెట్టే వేళ నన్ను పిలిచి దగ్గర కూర్చోబెట్టుకుంది.

"నిజం చెప్పు బిడ్డా. ఆ పొద్దు మీ అమ్మకు చుక్క కనబడ్డదా, కనబడలేదా?"

కనబడి ఉంటే అమ్మ ఆడింది అబద్ధం, వచ్చింది రోగం. కనబడకపోయి ఉంటే, తన చావు తనకు తెలిసి కూడా నోరు మూసుకొని ఈమె కళ్ల కోసం తిరిగినట్టు. ఆ రెండోది బాపమ్మ తట్టుకోలేదు. నేనూ తట్టుకోలేను.

"కనబడ్డది బాపమ్మా. తెల్లారి మాపటికి నాకు వేలువెట్టి చూపిచ్చింది" అన్నాను.

అమ్మ నాకేమీ చూపించలేదు. బాపమ్మ అద్దాలు తీసి ఒళ్లో పెట్టుకొని, నా తల నిమిరింది.

"నువ్వు సుత మీ అమ్మ లెక్కనే మాట్లాడుతున్నవు బిడ్డా" అన్నది.