ఫెయిల్ సారు జీపు కింద దూరిన ఆదివారం

ఇరవై ఎనిమిదేళ్లు బ్రేకు ఇన్‌స్పెక్టరుగా చేసిన ఆయన్ని ఊళ్లో ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. ఎదురుపడితే సారు, వెనక్కి తిరిగితే ఫెయిల్ సారు. కిటికీలోంచి చెయ్యి పెట్టి స్టీరింగును రెండు వేళ్లతో అటూ ఇటూ కదిపేవాడు. ముందు చక్రాలు కదలకుండానే స్టీరింగు బెత్తెడు తిరిగిందా, అంతే సంగతులు! "ప్లే ఉంది. బుష్షులు అరిగాయి. ఫెయిల్" అని రాసి పారేసేవాడు. ఆ బుష్షు నల్లగా ఉంటుందో తెల్లగా ఉంటుందో మాత్రం, చెప్పొద్దూ, ఒక్కనాడూ వంగి చూసిన పాపాన పోలేదు.

అలాంటి మనిషి రిటైరైన మూడో ఏట, మామగారి పాత జీపు ఆయన ఇంటికొచ్చి కూర్చుంది. నాలుగు చక్రాలూ లాగే మొండి బండి. మామగారు మోటారు షెడ్డు మేస్త్రి. ఆయన పోయాక జీపు కూతురికి, అంటే ఈయన భార్యకు, దక్కింది. సోమవారం దానికి ఫిట్‌నెస్ పరీక్ష. అందులో తప్పితే పాత ఇనుము కింద తుక్కు కావాల్సిందే. ఇంజను సుబ్బరంగా ఉంది కానీ స్టీరింగులో బెత్తెడు కాదు, జానెడు ప్లే!

"నాన్నది మిగిలింది ఇదొక్కటే కదండీ" అంది ఆవిడ. ఇంకేమీ అనలేదు.

అనకపోవడమే ఆయనకు మహా ఇబ్బందిగా ఉంది. ఎందుకంటే పదిహేనేళ్ల కిందట ఇదే జీపును ఆయన ఒకటి కాదు, మూడుసార్లు ఫెయిల్ చేశాడు. అల్లుడి దగ్గర మామ బండి పాసైందంటే నలుగురూ ఏమనుకుంటారు? అదీ ఆయన నిజాయితీ. మూడోసారి కాగితం చేతికొచ్చాక మామగారు జీపు మీద పట్టా కప్పేశాడు. అప్పుడప్పుడూ ఇంజను ఆడించి చూడటమే తప్ప మళ్లీ రోడ్డెక్కించలేదు. ఆ తరువాత కూతురింటికి బస్సులో వచ్చి బస్సులోనే పోయేవాడు. అల్లుడితో ఎప్పటిలాగే నవ్వుతూ మాట్లాడేవాడు. ఆ నవ్వు చూస్తే ఈయనకు తల కొట్టేసినట్టయ్యేది.

ఊళ్లో మెకానిక్కులు లేకేం, ముగ్గురున్నారు. మొదటివాడికి జ్వరం. రెండోవాడికి తీరిక లేదు. మూడోవాడు మాత్రం కుర్చీ వేసి మరీ, "అయ్యో, మీ బండి మేం ముట్టుకోవడమా! మీరలా రెండు వేళ్లతో కదిపితే చాలు సార్, దానంతటదే బాగైపోతుంది" అన్నాడు. ఫెయిల్ సారు బుష్షులు కొనుక్కుని ఇంటిదారి పట్టాడు.

ఆదివారం పొద్దున్నే పాత దుప్పటి పరుచుకుని జీపు కింద దూరాడు. స్టీరింగు కదలికను అవతలి చక్రానికి అందించే చిన్న ఇనుప చెయ్యి ఒకటుంది. అది తిరిగేచోట రెండు రబ్బరు బుష్షులు. వాటి బోల్టు అందడం లేదని చక్రాలను పూర్తిగా ఎడమకు తిప్పిపెట్టాడు. ఆవిడ పక్కనే పీట వేసుకుని టార్చి పట్టుకుంది.

"ఏమోయ్, పదిహేడో నంబరు పానా ఇలా ఇవ్వు."

"పంతొమ్మిది పడుతుందేమో చూడండి."

పడింది! అదంతా తన అదృష్టమే అనుకున్నాడు ఆయన.

పాత బుష్షులు ముక్కలై ఊడొచ్చాయి. చేతిలోకి తీసుకుని చూస్తే రబ్బరు ఎండి పగిలిందే తప్ప, లోపలి ఇనుప గొట్టం ఎక్కడా అరగలేదు. గమ్మున వాటిని చొక్కా జేబులో వేసుకున్నాడు. కొత్తవి ఒక పట్టాన దిగలేదు. సుత్తితో బాదాడు, వేలు చితక్కొట్టుకున్నాడు, బుష్షు చేసినవాడి వంశాన్నంతా తిట్టాడు. ఆవిడ లోపలికెళ్లి గిన్నెలో సబ్బునీళ్లు తెచ్చింది.

"ఇవెందుకూ?"

"జారుతుందేమోనని."

జారి కూర్చుంది. మధ్యాహ్నానికల్లా బోల్టు బిగించి బయటికొచ్చి, చక్రాలు సరిచేసి, రెండు వేళ్లతో స్టీరింగు కదిపాడు. వెంట్రుకవాసి ప్లే లేదు. "పాస్!" అని అరిచాడు. ఆ మాట ఆయన నోట విని వీధి వీధంతా తిరిగి చూసింది.

ఆ సంబరం వీధి మలుపు దాకానే. చెయ్యి కాస్త వదులు చేస్తే చాలు, జీపు ఎడమకు లాగేస్తోంది. ఎదురింటి ప్రహరీని తప్పించేసరికి ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. మొహం వేలాడేసుకుని తిరిగొచ్చాడు.

"ఆ కొట్టువాడు నకిలీ సరుకు అంటగట్టాడోయ్! రేపు పరీక్షకెలా?"

ఆవిడ టార్చి పక్కన పెట్టి లేచింది. "కొట్టువాణ్ణేం అనకండి. చక్రాలు ఎడంపక్కకి ఉండగా బిగించేశారు. రబ్బరు కదండీ, ఎటు ఉండగా బిగిస్తే అటే లాగుతుంది. చక్రాలు తిన్నగా పెట్టి, వదులు చేసి, మళ్లీ బిగించాలి."

ఆయన నోరు తెరిచేలోగా ఆవిడ జీపు కింద ఉంది. పావుగంటలో బయటికొచ్చి చేతులు తుడుచుకుని, తనే ఎక్కి తాళం తిప్పింది. ఆయన పక్క సీట్లో బుద్ధిగా కూర్చున్నాడు. పొడుగాటి రోడ్డు మీద ఆవిడ స్టీరింగు వదిలేసింది. జీపు తిన్నగా పోయింది.

ఆయన జేబులోంచి పాత బుష్షులు తీసి అరచేతిలో పెట్టుకున్నాడు. ఇక దాచలేకపోయాడు. "ఏమోయ్... ఆ మూడోసారి మామయ్యగారి బండిలో ప్లే లేదు. ఉందని రాశాను."

"తెలుసు."

"ఎలా తెలుసు?"

"నాన్నకి అప్పటికే నడుం వంగేది కాదు. ఆ బుష్షులు వేసింది నేనే. పాసయ్యాక మీకు చెబుదామనుకున్నా."

"మరి మామయ్యగారికి నా మీద..."

"కోపమా? మీ మీదెందుకూ? 'అల్లుడు అబద్ధం రాయడమ్మా, నీ బిగింపులోనే ఏదో తేడా ఉంది' అన్నారు. పోయేదాకా అదే నమ్మారు."

ఆవిడ గేరు మార్చి జీపును ఇంటివైపు తిప్పింది. గేటు ముందు ఆపాక అంది:

"రేపు పరీక్షకి నేనొక్కదాన్నే వెళ్తాను. మీరు రాకండి. మీ మొహం చూసి పాస్ చేస్తే నాకక్కర్లేదు."