లాభం తరువాత రెండు

బస్తర్ సంస్థానంలో, శబరి ఒడ్డున ఉన్న కోంటలో మాకొక దుకాణం ఉండేది. అడవి ఊళ్ల వాళ్లు తెచ్చే వడ్లు, ఇప్పపువ్వు కొలిచి తీసుకుని, బదులుగా ఉప్పు కొలిచి ఇచ్చేవాళ్లం. లెక్కలు నావి, మానిక నా భార్యది. మా వర్తకుల ఇళ్లలో కొలత ఒకటితో మొదలు కాదు. మొదటి మానికకు "లాభం" అంటాం, ఆ తరువాతే రెండు, మూడు. ఆ అంకెలను ఆమె రాగం తీసి పలికేది. ప్రతి అంకె చివరా గొంతు కాస్త సాగి, మానిక బోర్లించగానే తెగేది.

ఎర్రబోరు వైపు నుంచి వచ్చే ఒక దోర్ల తెగ ముసలమ్మ ఆ పాటను ఎప్పుడూ వెక్కిరించేది.

"ఏంది సావుకారమ్మా, నీ నోరు ఉరుకుతాంది, మానికేమో ఆడనే కూసుంది!"

"నీ వడ్లల్ల సగం తాలే. ఏరుకుంట కూసుంది," అనేది నా భార్య.

ఒక ఏడాది వానలు తగ్గుముఖం పడుతుండగా ఆమెకు పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యి పడిపోయింది, మాట పోయింది. ఆమె ఎప్పుడు లేచిందీ, ఎంత గంజి తాగిందీ నేను రోజూ రాసుకునేవాణ్ని. మాట కోసం గీసిన గడి మాత్రం ఖాళీగానే ఉండేది.

కోతలయ్యాక ముసలమ్మ కొత్త వడ్లు తెచ్చింది. నాకు పాట రాదు. మౌనంగా కొలవబోతే ఆమె ఒప్పుకోలేదు. "పాట లేకుంటే కొలత మీద నాకు నమ్మకం లేదు సావుకారయ్యా," అని తానే "లాభం..." అని ఎత్తుకుంది.

లోపలి మంచం మీది నుంచి "రెండు" అని వినిపించింది.

నా చేతిలోని మానిక ఒలికిపోయింది. "సూడు, పండుకొని గూడ లెక్క ఇడుస్తలేదు!" అని నవ్విన ముసలమ్మ మరుక్షణమే కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పటి నుంచి పూటపూటా అదే పని. నేను నాలుగు దగ్గర ఆగితే అయిదు దానంతటదే వచ్చేది. కాని రెండు వేళ్లు చూపి ఎన్నని అడిగితే జవాబు లేదు. అదే రాగంలో "లాభం, రెండు, నీళ్లు" అని నేర్పబోయాను. మూడో మాట దగ్గర ఆమె నోరు తడబడేది. కళ్లలో "నీళ్లు" అనే మాట ఉండేది. పెదవుల మీదికి మూడే వచ్చేది.

జగదల్‌పూర్ నుంచి పర్యటనకు వచ్చిన డాక్టరు హిందీలో నాకు వివరించాడు. మెదడులో మాట కూర్చే చోటు దెబ్బతిన్నదట. ఏళ్ల తరబడి ఒకే వరసలో పలికిన మాటలు మరో దారిన వస్తున్నాయట. బండివాడు నిద్రపోయినా ఎద్దులు సంత నుంచి ఇల్లు చేరవా అన్నాడు. బండివాడు లేస్తాడా అని అడిగాను. ఆయన సంచి సర్దుకున్నాడు.

మాఘంలో ఒక మధ్యాహ్నం, ఆమె ఎడమ చేత్తో నా చొక్కా పట్టుకుంది. నేను లాభం అనలేదు. ఆమే మొదలుపెట్టింది: "నాలుగు. అయిదు, ఆరు?"

అది కొలత రాగం కాదు. ఇంట్లో ఆమె నన్నేదైనా అడిగేటప్పటి వరస. పిలుపు ఉంది, బతిమాలడం ఉంది, జవాబు కోసం ఆగడం ఉంది. అడిగిన సంగతి ఒక్కటే లేదు. నీళ్లు అందిస్తే తోసేసింది. దుప్పటి కప్పితే లాగేసింది. మళ్లీ అవే అంకెలు, మందబుద్ధికి చెప్పినట్టు నెమ్మదిగా.

చివరికి, "అట్లనే చేద్దాం," అన్నాను.

ఆమె చాలాసేపు నా ముఖం చూసింది. నాకేమీ అర్థం కాలేదని ఆమెకు అర్థమయింది. చొక్కా వదిలేసి గోడవైపు తిరిగింది. దేనికి ఒప్పుకున్నానో ఆ రోజు పుటలో రాయలేకపోయాను, ఈనాటికీ తెలియదు.

తరువాతి సంతకు ముసలమ్మ వచ్చి, గడపలో కూర్చుని "లాభం..." అని సాగదీసింది. ఆగింది. ఇంకోసారి, ఇంకాస్త గట్టిగా అంది. లోపల మంచం మీద ఆమె గోడవైపే తిరిగి ఉంది.

"అలిగిందా ఏంది, సావుకారయ్యా?"

నేను రెండో మానిక ముంచాను.