తిప్పి పంపిన విమానం

కువైట్‌లో మా వీధిలో ఖమర్‌బీ నోటికి భయపడనివాళ్ళు లేరు. ఆమెది జమ్మలమడుగు. కువైట్‌లో మా పక్కనే ఒక పెద్దింట్లో వంటమనిషి. గోడకు ఇవతలి ఇంట్లో నేను డ్రైవర్ని, పేరు శివప్రసాద్, మాది పులివెందుల. మా స్నేహం తిట్లతోనే మొదలైంది. నేను కారు కడిగిన నీళ్ళు వాళ్ళ గేటు ముందుకు పారుతున్నాయని ఒకరోజు చీపురు పట్టుకుని వచ్చి అరబ్బీలో అందుకుంది. జవాబు చెప్పేంత అరబ్బీ రాక నేను మన మాటలో ఏదో గొణుక్కున్నాను. అది విని, యా ఊరప్పా నీది అనడిగింది. పులివెందుల అనగానే చీపురు కింద పెట్టింది గాని నోరు ఆపలేదు. తెలుగులో ఇంకా సుఖంగా తిట్టింది. ఆరోజు నుంచి నేను ఆమెను అక్కా అనేవాణ్ణి.

వాళ్ళు దూదేకులవాళ్ళు. ఇంట్లో మాటంతా తెలుగే. మొగుడు జమాల్ ప్రొద్దుటూరులో పరుపులు కుట్టేవాడు. దూది దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి, దగ్గి దగ్గి చనిపోయాడు. అప్పటికి కూతురు తహసీన్ హైస్కూలు పిల్ల. ఆ పిల్లను జమ్మలమడుగులోని తన అన్న రహమాన్ ఇంట్లో పెట్టి ఖమర్‌బీ విమానం ఎక్కింది. కన్నబిడ్డను వదిలేసి పరాయి పిల్లలకు వండిపెడుతోందని ఊళ్ళో అన్నవాళ్ళు ఉన్నారంట. వాళ్ళ నోట్లో దుమ్ముపడ. ఆ అన్నవాళ్ళలో ఒక్కరైనా ఆ పిల్లకు ఒక పూట అన్నం పెట్టారా?

వంటగదిలో వీడియో కాల్ పెట్టి ఫోన్ నిలబెట్టుకుని పని చేసేది ఆమె. అవతల తహసీన్ చదువుకుంటూ ఉండేది. ఇద్దరూ మాట్లాడుకునేది తక్కువే. మధ్యలో తిరగమోత చిటపటలాడితే, దేనికమ్మా అని ఆ పిల్ల అడగడం, ఈమె చెప్పడం, అంతే. ఆ పిల్ల ప్రొద్దుటూరు కాలేజీలో డిగ్రీ చేరినప్పుడు ఖమర్‌బీ వీధిలో ఉన్న మన జిల్లావాళ్ళందరికీ సేమ్యా పాయసం పంచింది. రెండేళ్ళకోసారి ఇస్తామన్న సెలవు ఏదో ఒక సాకుతో వెనక్కి పోతూనే ఉంది. ఒకసారి ఇంటావిడ కాన్పు, ఒకసారి కరోనా, ఒకసారి తనే వద్దనుకుంది. అట్లా ఐదేళ్ళు ఊరి మొహం చూడలేదు.

పోయిన కార్తీకంలో, వానలు పట్టుకున్న రోజుల్లో, తహసీన్‌కు డెంగీ జ్వరం వచ్చింది. మామూలు జ్వరమేనన్నారు. తర్వాత రక్తంలో ఏదో పడిపోతోందన్నారు. ఒక సాయంత్రం ఖమర్‌బీ మా గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. చేతికి పిండి ఇంకా అంటుకునే ఉంది.

"పాప పోయిందంట అప్పా," అంది. "నన్ను ఊరికి తీసకపో."

వాళ్ళ ఇంటావిడను ఊరికే అనకూడదు, అప్పటికప్పుడు టికెట్ తీయించింది. మర్నాడు పొద్దున చెన్నైలో దిగే విమానం. నాకు వచ్చే నెల్లో సెలవుంది. మా ఆసామి కాళ్ళు పట్టుకున్నంత పనిచేసి దాన్ని ముందుకు జరుపుకున్నాను. ఆమెను ఒక్కదాన్ని పంపడానికి నాకు మనసు రాలేదు.

వాళ్ళలో మయ్యత్‌ను, అంటే పోయిన మనిషిని, ఎక్కువసేపు ఇంట్లో ఉంచరు. ఎంత తొందరగా మట్టికిస్తే అంత మంచిదని నమ్మకం. అయినా రహమాన్ మసీదు పెద్దల్ని బతిమాలి, తల్లి వచ్చేదాకా ఆపుతామని ఫోన్లో మాటిచ్చాడు. పొద్దు గూకి మగ్రిబ్ నమాజు అయ్యేదాకా, అంతకు మించి కుదరదన్నాడు. చెన్నై విమానాశ్రయానికి తన కొడుకు షాకీర్‌ను కారిచ్చి పంపించాడు. పొద్దున దిగితే సాయంత్రానికి జమ్మలమడుగు చేరతాం. కూతురి మొహం ఒక్కసారి చూడాలి. ఆమెకు కావలసింది అదొక్కటే.

విమానంలో ఆమె ఏడవలేదు. తస్బీ పూసలు తిప్పుతూ కూర్చుంది. అన్నం ట్రే వస్తే నా ముందుకు జరిపి, తిను, నీకు ఆకలికి కోపమొస్తాది అంది. ఆ మాటకు నాకే ఏడుపొచ్చింది.

కింద చెన్నై సముద్రం కనబడింది. వాన మబ్బులు. విమానం దిగుతూ దిగుతూ ఉన్నట్టుండి పెద్ద రొదతో మళ్ళీ పైకి లేచింది. కిటికీ పక్కన నేనే కాబట్టి రెక్క నాకు బాగా కనబడుతోంది. విమానం దిగేముందు రెక్క వెనక అంచున పలకలు బయటికి జారి కిందికి వంగుతాయి. ఎన్నోసార్లు చూశాను. ఈసారి అవి కదల్లేదు. రెక్క అంచు పీట చెక్కలాగా చదునుగా ఉంది.

కాసేపటికి కెప్టెన్ మాట్లాడింది. ఆడమనిషి. ఇంగ్లీషులో, తర్వాత హిందీలో, తొట్రుపాటు లేకుండా చెప్పింది. ఆ పలకల్ని ఫ్లాప్స్ అంటారంట, అవి ఇరుక్కుపోయాయి. అవి వంగితేనే విమానం నెమ్మదిగా దిగగలదు. లేకపోతే మామూలు కంటే శానా వేగంగా దిగాలి, ఆగడానికి శానా దూరం కావాలి. చెన్నైలో రన్‌వే తడిగా ఉంది, గాలి అడ్డంగా కొడుతోంది. బెంగుళూరులో వాన లేదు, అక్కడి రన్‌వే పొడుగైనది. అందుకని కొంతసేపు ఇక్కడే తిరిగి, లెక్కలన్నీ సరిచూసుకుని, బెంగుళూరు పోతాం అంది.

విమానమంతా గొల్లుమంది. వెనక సీట్లో ఒకాయన ఫోన్లో వీడియో తీసుకుంటూ ఇంట్లోవాళ్ళకు వీడ్కోలు చెప్పడం మొదలుపెట్టాడు. గమ్మునుండప్పా, మమ్మల్ని ముందే సంపేసేటట్టుండావు అని కసిరాను. ఖమర్‌బీ మాత్రం నా మోచెయ్యి పట్టుకుని ఒక్కటే అడిగింది, మగ్రిబ్ లోగా పోతామా అని.

డ్రైవర్ని కదా, దారులు నాకు వేళ్ళ మీద ఉంటాయి. బెంగుళూరు నుంచి కదిరి, పులివెందుల, ముద్దనూరు, జమ్మలమడుగు. చెన్నై దారికంటే దగ్గరే గాని దూరం కాదు. దిగి బయటపడితే పొద్దుండగానే ఇంటికి చేరతామని చెప్పాను. ఆమె మొహంలో వెలుగు రావడం చూశాను. చుట్టూ జనం చావుకు భయపడుతుంటే ఈమెకు ప్రాణం లేచొచ్చింది.

"సచ్చేదానికి భయం ల్యాదప్పా నాకు," అంది. "పాప మొగం సూసినంక యాడ పడిపోయినా సరే."

సముద్రం మీద ఎన్ని చుట్లు కొట్టామో నాకు తెలియదు. ఇంధనం ఖర్చయితే బరువు తగ్గుతుంది, బరువు తగ్గితే తొందరగా ఆగుతుంది, అందుకే తిప్పుతున్నారని ఎయిర్‌హోస్టెస్ అమ్మాయి చెప్పింది. తల ముందుకు వంచి ముందు సీటుకు ఎట్లా ఆనించుకోవాలో ఒక్కొక్కరికీ చేసి చూపించింది. మొహం మీద నవ్వు మాత్రం చెరగనివ్వలేదు.

బెంగుళూరులో నేల కళ్ళముందు పరిగెత్తింది. అంత వేగంతో దిగడం నేనెప్పుడూ చూడలేదు. చక్రాలు నేలను తాకగానే ఒళ్ళంతా ముందుకు పోయింది. బ్రేకులు కాలిన వాసన. రెండుపక్కలా ఫైరింజన్లు వెంటపడి పరిగెత్తుతున్నాయి. ఆగదేమో అనుకున్నాను. చివరికి ఆగింది. అందరూ చప్పట్లు కొట్టారు, ఒకరినొకరు కౌగిలించుకున్నారు. నేనూ కొట్టాను, అబద్ధమెందుకు.

దిగేటప్పుడు కెప్టెన్ తలుపు దగ్గర నిలబడి ఉంది. చొక్కా వీపంతా చెమట. ఖమర్‌బీ ఆమె రెండు చేతులూ పట్టుకుని కళ్ళకద్దుకుంది. మా పాపను నాకు సూపిస్తాండావు తల్లీ, నీ కడుపు సల్లగుండ అంది. కెప్టెన్‌కు తెలుగు రాదు. నవ్వుతూ తలూపింది.

అంతకుముందే చక్రాలు చల్లారేదాకా కొంతసేపు విమానం లోపలే ఉంచారు. దిగాక బస్సులు, పాస్‌పోర్టుల దగ్గర పొడుగాటి లైను. మా కువైట్ సిమ్ములు ఇక్కడ పనిచెయ్యవు. నా ఇండియా సిమ్ము రీచార్జి లేక ఎప్పుడో చచ్చింది. లైన్లో ఒక కుర్రవాణ్ణి ఫోను అడిగితే చార్జింగ్ లేదన్నాడు, మరునిమిషంలో చెవికి పెట్టుకుని నవ్వుతూ మాట్లాడుతున్నాడు. వాణ్ణి అక్కడే పీకేవాణ్ణి. ఖమర్‌బీ ఆపింది. జగడం పెట్టుకుంటే లేటైతాది, బయటికి పోయి ఫోను సేద్దాం పా అంది. పెట్టెల కోసం కూడా నిలబడలేదు.

బయట టాక్సీ మాట్లాడుకుని, ఎక్కుతూనే డ్రైవర్ ఫోను తీసుకుని రహమాన్‌కు కలిపాను. స్పీకర్ పెట్టి ఆమె చేతికిచ్చాను.

"కువైట్‌లో దిగినావామ్మా?" అన్నాడు రహమాన్.

"ఆడెందుకు దిగుతా అన్నా? బెంగుళూరులో ఉండా. వస్తాండాం. పొద్దుండగానే వస్తాం."

అవతల ఎవరో ఏందన్నా ఏందన్నా అని అడగడం వినబడింది. తర్వాత రహమాన్ పెద్దగా ఏడ్చాడు. అంత పెద్ద మగమనిషి అట్లా ఏడవడం నేనెప్పుడూ వినలేదు. ఫోను ఇంకెవరో తీసుకున్నారు. మట్టికిచ్చి ఇప్పుడే కబరస్తాన్ నుంచి వచ్చినామని ఆ మనిషి చెప్పాడు.

జరిగింది ఇదీ. చెన్నైలో షాకీర్ బయట కాచుకుని ఉన్నాడు. విమానం రాలేదు. అక్కడి తమిళ పనివాణ్ణి అడిగితే, ఫ్లైట్‌ను తిరుప్పి విట్టాంగ అన్నాడు. షాకీర్‌కు తమిళం రాదు. తిరుప్పి అంటే తిప్పి అనుకున్నాడు. తిప్పి పంపేశారు, వచ్చిన చోటికే పోయింది అనుకున్నాడు. అదే ఇంటికి ఫోన్ చేశాడు. కువైట్‌కు మళ్ళిన మనిషి ఇంక ఈ పొద్దు రాలేదు, మయ్యత్‌ను ఊరికే కాయించకూడదు అన్నారు పెద్దలు. మేము పాస్‌పోర్టుల లైన్లో నిలబడి ఉన్నప్పుడు పిల్లను పెట్టి జనాజా లేపారు. నాకు తమిళం తెలుసు. ఆ పనివాడు సరిగ్గానే చెప్పాడు. ఇంకోపక్కకు మళ్ళించారు అనే దానికి అర్థం. ఈ మాట నేను షాకీర్‌కు చెప్పలేదు, చెప్పను కూడా. ఆ పిల్లాడు బతకాలి గదా.

ఫోను డ్రైవర్‌కు తిరిగిచ్చింది ఖమర్‌బీ. వాడు ఇదేమీ ఎరక్క, అర్జంటన్నారని బండిని దౌడు తీయిస్తున్నాడు. ఆమె ముందుకు వంగి వాడి భుజం తట్టింది.

"నిదానంగా పోనీ నాయనా," అంది. "ఇంగ తొందర ల్యాదు."

కదిరి దాటాం. పులివెందులలో మా వీధి మొదలు ముందునుంచే పోయాం. నా పెండ్లాం బిడ్డలు ఆ మలుపులో ఉన్నారు. నేను దిగలేదు, ఆమె దిగమనలేదు. ముద్దనూరు దగ్గర మొదటిసారి ఏడ్చింది. ఆ ఏడుపు గురించి నేను రాయలేను.

జమ్మలమడుగు చేరేసరికి ఎండ ఇంకా గోడల మీదే ఉంది. మసీదులో మగ్రిబ్ బాంగు ఇంకా ఇవ్వలేదు. ఆపుతామన్న పొద్దు ఇంకా మిగిలే ఉంది. అది చూసి నా గుండె పగిలింది. ఏ దేవుణ్ణి తిట్టాలో తెలియక పంటి బిగువున నిలబడ్డాను.

ఇంటి ముందు షామియానా కింద మగవాళ్ళు లేచి నిలబడ్డారు. రహమాన్ చెల్లెలి కాళ్ళ మీద పడబోతే పట్టుకుని లేపింది. షాకీర్ తలుపు పక్కన గోడకు అతుక్కుని, తిడుతుందని ఎదురుచూస్తున్నాడు. వీధినంతా ఏకిపెట్టే ఆ నోరు వాణ్ణి ఒక్క మాట అనలేదు. తిట్టినా బాగుండేది. వాళ్ళ ఆడవాళ్ళు కబరస్తాన్‌కు పోరు కాబట్టి ఆ పొద్దు గోరీ చూసే దారి కూడా లేదు.

గడప లోపల ఆడవాళ్ళు దారి ఇచ్చారు. పిల్లకు స్నానం పోసిన చాంద్‌బీ అనే ముసలామె అక్కడే ఉంది. ఖమర్‌బీ పోయి ఆమె ముందు కూర్చుంది. నేను గడప బయటే ఉన్నాను, అన్నీ వినబడుతున్నాయి. జుట్టు దువ్వినారా అని అడిగింది. దువ్వినామమ్మా, మూడు జడలేసినాం అంది చాంద్‌బీ. మొగం ఎట్లుండె అని అడిగింది. నిద్రపోయినట్టుండె అంది. ఒంటికి చుట్టిన కఫన్ గుడ్డ ఎవరు తెచ్చినారని అడిగింది. చాంద్‌బీ చెప్పింది.

"మీ యన్నే తెచ్చినాడమ్మా. సాల్లేదు. మళ్ళా పోయి ఇంగో ముక్క తెచ్చినారు. పొడుగు పిల్ల గదా."

ఖమర్‌బీ తలెత్తింది.

"పొడుగా?" అంది. "ఎంత పొడుగు? నాకు ఫోన్లో మొగమే గదమ్మా కనపడేది. నేను పోయేటప్పుడు నా బుజం దాకా ఉండె."

చాంద్‌బీ మోకాళ్ళు పట్టుకుని లేచి, ఖమర్‌బీని కూడా చెయ్యి పట్టుకుని నిలబెట్టింది. తన అరచేతిని ఆమె తల మీద ఆనించి, ఇంకొంచెం పైకి లేపి, గాలిలో అక్కడ ఆపింది. ఖమర్‌బీ కదలకుండా ఆ చేతి కింద నిలబడి, కూతురి మొహం ఉండాల్సిన ఎత్తుకు తలెత్తి చూసింది.