అమ్మ టిక్కెట్టు మీద ఓడెక్కిన రోజు

ఆ రోజుల్లో మా ఆళ్లగడ్డలో సముద్రం చూసినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఓడెక్కినవాళ్లను లెక్కపెట్టాలంటే వేళ్లతో పనే లేదు. ఇప్పుడు మా వీధి పిల్లలు సెలవులకు ఓడల్లో తిరిగొచ్చి, అందులో ఈతకొలను ఉందనీ, ఐస్‌క్రీం ఎంత తిన్నా ఎవరూ అడగరనీ ఫోన్లో ఫొటోలు చూపిస్తుంటే నేను నోరు మూసుకుని కూర్చుంటాను. ఎనభైల మొదట్లోనే నేనూ ఎక్కాను ఓడ. కాకపోతే నా పేరు మీద కాదు, చనిపోయిన మా అమ్మ పేరు మీద. ఆ సంగతి మొదలుపెడితే పిల్లల ఐస్‌క్రీం చేదెక్కుతుందని ఇన్నాళ్లూ చెప్పలేదు.

మా నాయన ఆళ్లగడ్డలో హెడ్మాస్టరు. అబద్ధమాడడం చేతకాని మనిషి (గొప్ప కోసం చెప్పడం లేదు, దానివల్ల మేం పడ్డ తిప్పలు మాకే తెలుసు). అమ్మకు జీవితంలో ఒకటే పెద్ద కోరిక, మద్రాసు నుంచి అండమాన్ పోయే ఓడలో ఒక్కసారి పోయి రావాలని. చర్చికి వచ్చే మిలిటరీ ఆయన ఒకాయన ఆ ఓడ గురించి చెప్పినప్పటినుంచి ఆమెకు అదే ధ్యాస. టిక్కెట్లకు రాసుకుంటే వంతు రావడానికి ఏడాది పైన పట్టింది. ఈలోగా అమ్మకు గుండెజబ్బు బయటపడి, నంద్యాల ఆస్పత్రిలో పన్నెండు రోజులుండి పోయింది. నలభయ్యో రోజు ప్రార్థన అయిన వారానికి పోస్టులో టిక్కెట్లు వచ్చాయి, ఒకటి నాయన పేరున, ఒకటి అమ్మ పేరున.

అప్పటికి నేను నంద్యాలలో చిన్నపిల్లల బడిలో టీచరుగా చేరి ఆరు నెలలు కూడా కాలేదు. శనివారం సాయంత్రం బస్సెక్కి ఇంటికొచ్చేసరికి నాయన వాకిట్లో అట్లాగే కూర్చుని ఉండేవాడు. ఏడవలేదు ఆయన. ఎవరన్నా పలకరించడానికి వస్తే "ఆమె నంద్యాలలో ఉండె" అని ఊరుకునేవాడు. పోయింది అన్న మాట ఆయన నోట ఒక్కసారి కూడా రాలేదు, అది చెప్పే పనంతా మా బాబాయిదే. పొద్దున కాఫీ రెండు గ్లాసుల్లో పోసి, రెండోది చల్లారేదాకా చూస్తూ ఉండేవాడు. అమ్మ ఎట్లాగూ పోయింది, ఈయన కూడా ఇట్లాగే నాకు దక్కకుండా పోతాడేమోనని భయంతో నాకు బడిలో అ ఆ లకు కూడా నోరు సరిగ్గా తిరిగేది కాదు.

టిక్కెట్లను నాయన చాలాసేపు చూసి, "ఆమె పోదామనింది గదా. పోదాం" అన్నాడు. రెండు నెలల్లో ఆయన నోటెంట వచ్చిన మొదటి కోరిక అది. దాన్ని కాదనే ధైర్యం ఎవరికుంది? మా బాబాయి తాలూకా కచేరీలో గుమాస్తా (ఏ కాగితాన్నయినా ఏ మనిషికయినా అతికిస్తాడని పేరు). ఆయన అక్కడికక్కడే తేల్చేశాడు. "పేరు మార్చమంటే మళ్ల వరసలో అడుక్కు పడతాం అన్నా. ఆడ ఫొటో అడగరు, ఏం అడగరు. పాపే మా వదిన అనుకో. వాళ్లకేం ఎరుక?"

"నాకు ఇరవై రెండు బాబాయ్. టిక్కెట్టు మీద యాభై అనుండాది."

"కొప్పు పెట్టుకో, మీ అమ్మ కళ్లద్దాలు పెట్టుకో, మూలుగుతా నడువు. ఎవురేం అడిగినా ఊ అను, నోరు మాత్రం తెరవాకు."

నాయన ఔననలేదు, కాదనలేదు. ఆ మౌనాన్ని ఒప్పుకోవడం కింద జమకట్టుకున్నాం. మా తప్పల్లా అదే.

మద్రాసు రేవులో అమ్మ కళ్లద్దాల్లోంచి చూస్తే నాకు ఓడకు రెండు నిచ్చెన మెట్లు కనిపించాయి. నేను లేని మెట్లు ఎక్కబోతుంటే నాయన చెయ్యి పట్టుకుని ఉన్న వాటి వైపు లాగాడు. నేను మూలుగుతూనే ఉన్నాను. టిక్కెట్లు చూసే ఆయన నా మొహం వైపు చూడనైనా చూడకుండా చింపి చేతిలో పెట్టాడు, కానీ నేను మాత్రం పైకెక్కేదాకా మూలుగు ఆపలేదు.

మా చోటు ఓడ అడుగున, పెద్ద హాలు. ఇనప మంచాలు రెండు వరసల ఎత్తున, ఎనభై దాకా ఉన్నాయి. పెయింటు వాసన, డీజిలు వాసన, ఎవరిదో ఊరగాయ జాడీ పగిలిన వాసన. సముద్రం చూడ్డానికని వస్తే అక్కడ కిటికీ అన్నదే లేదు. నాయన బస్సు మీద సామాను కట్టినట్టు ట్రంకుపెట్టెను మంచం కోడుకు తాడుతో మూడు చుట్లు చుట్టి కట్టాడు. రెండు మంచాల మీదా దుప్పట్లు పరిచి, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. సెలవు మొదలైంది.

పక్క మంచం మీద శ్రీకాకుళం పెద్దమ్మ ఒకామె దిగింది. కొడుకు పోర్ట్‌బ్లెయిర్‌లో కాంట్రాక్టు పనుల్లో ఉన్నాడట. ఆమె నా కొప్పు చూసింది, కళ్లద్దాలు చూసింది, వాటి వెనకున్న మొహం చూసింది, తర్వాత నాయన నెరిసిన తల చూసింది. దగ్గరికి జరిగి గుసగుసగా, "నిన్నీ ముసలోడికి ఎవులు కట్టబెట్టినారే తల్లీ? రెండో పెళ్లా?" అంది. ఏది అడిగినా ఊ అనమన్నాడు కదా బాబాయి. ఊ అన్నాను. ఆమె నా చేతిలో ఒక నిమ్మకాయ పెట్టి, కళ్లు తుడుచుకుని, నాయన వైపు ఒక చూపు చూసింది. గంటలో ఆ చూపు హాలంతా పాకింది. నీళ్ల కోసం నాయన లేస్తే ఆడవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. ఆయనకు ఏమీ తెలియలేదు. నాకు మాత్రం ఆ ఇనప నేలలో ఒక కన్నం పడితే బాగుండుననిపించింది (తీరా పడితే మునిగేది అందరమూ అని తర్వాత తోచింది).

ఓడ కదిలిన రెండు గంటలకు సైరన్ మోగింది. ప్రమాదం వస్తే ఎక్కడ నిలబడాలో నేర్పడానికట, అందరికీ లైఫ్ జాకెట్లు తగిలించి పై అంతస్తులో వరసగా నిలబెట్టారు. తెల్లబట్టల ఆఫీసరు ఒకాయన జాబితా తీసుకుని పేర్లు పిలవడం మొదలుపెట్టాడు. నాయన పేరు వచ్చింది, పలికాడు. తర్వాత అమ్మ పేరు. నేను చెయ్యెత్తేలోపలే నాయన, ఇంగ్లీషులో, హెడ్మాస్టరు గొంతుతో అన్నాడు: "లేదు సార్. చనిపోయింది."

ఆఫీసరు మొహంలో రంగు పోయింది. "ఎప్పుడు?"

"తెల్లారుజామున నాలుగున్నరకు."

"ఎక్కడ?"

"నంద్యాలలో."

"అది ఏ అంతస్తు?" అన్నాడు ఆయన. పాపం, ఆయనకు నంద్యాల ఎట్లా తెలుస్తుంది? "మంచం నంబరెంత?"

"పదకొండు" అన్నాడు నాయన. ఆస్పత్రి మంచం అది. అడిగిన ప్రశ్నకు సరైన జవాబివ్వడం ఆయన అలవాటు. ఇద్దరు నావికులు కిందికి పరుగెత్తారు. మా హాల్లో పదకొండో మంచం మీద, సైరన్ కూడా లేపలేని ఒక లావాటి మనిషి పడుకుని ఉంటే ఆయన్ను పట్టి ఊపేశారు. ఆయన లేచి అరిచిన అరుపులు పైదాకా వినబడ్డాయి. డాక్టరు సంచీతో వచ్చాడు. ఈ గందరగోళంలో, సంగతి ఎవరో తెలుగులో చెప్పగా విన్న శ్రీకాకుళం పెద్దమ్మ నడుం మీద చేతులు పెట్టుకుని, "పెళ్లాం సచ్చిపోతే మరి ఈ పిల్ల ఎవులు?" అని అందరి తరఫునా అడిగింది.

మమ్మల్ని ఆఫీసు గదిలోకి తీసుకుపోయారు. నేను కళ్లద్దాలు తీసేసి ఉన్నదంతా చెప్పేశాను. ఆఫీసరు కోపం పట్టలేకపోయాడు. "రేవులో కిక్కురుమనకుండా ఎక్కి ఇప్పుడు చెప్తారా? అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

నాయన నిదానంగా చెప్పాడు. "అక్కడ కాగితం చూశారు సార్. ఆమెను ఎవరూ పిలవలేదు. మీరు పేరు పెట్టి పిలిచారు. పిలిచి, పలుకుతుందని ఆగారు. ఎంతసేపు ఆగనిస్తాను?"

ఆ ఆఫీసరు టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. ఒక తెల్లకాగితం తోసి, ఫలానా ఆమె చనిపోయింది, బదులు కూతురు ప్రయాణం చేస్తోంది అని రాసిమ్మన్నాడు. ఊళ్లో మరణం నమోదు కాగితం మీద సంతకం పెట్టమంటే నాయన లేచి బయటికి వెళ్లిపోయినవాడు, అది కూడా బాబాయే పెట్టాడు. ఇక్కడ కలం తీసుకున్నాడు. ఆయన చేతిరాత అచ్చువేసినట్టు ఉంటుంది. "నా భార్య" దాకా అట్లాగే వచ్చింది. ఆ తర్వాతి మాటకు ముందు కలానికి మూత పెట్టి, మళ్లీ తీశాడు. రాశాడు. రాసి, కాగితం అవతలికి నెట్టి, లైఫ్ జాకెట్ ఇంకా మెడలో ఉండగానే పెద్దగా ఏడ్చాడు. ఆఫీసరు, డాక్టరు, టీ తెచ్చిన మనిషి, అందరూ నిలబడిపోయారు. నేను గోడ వైపు చూశాను. ఎంత పరువు పోయిందిరా దేవుడా, అనే అనుకున్నాను నేను. నాయన బతికాడు అనుకోవాల్సింది. ఇరవై రెండేళ్లకు అంత బుద్ధి ఎక్కడిది?

అంతటితో అయిపోలేదు. హాల్లోకి దిగాక నాయన నేరుగా పెద్దమ్మ దగ్గరికి పోయి, "అమ్మా, ఈ పాప నా కూతురు. నా భార్య చనిపోయింది" అన్నాడు. ఆమె నోరు నొక్కుకుంది, చెంపలు వేసుకుంది, ఒక అరిసె తీసి పెట్టింది. ఆయన పక్క మంచానికి పోయాడు. "నా భార్య చనిపోయింది. ఇది నా కూతురు." ఆ పక్కకు. వచ్చిన ఇంగ్లీషులో, రాని హిందీలో, సైగల్లో కూడా. తమిళాయన లేచి దండం పెట్టాడు. ఎవరో అరటిపండు ఇచ్చారు. పదకొండో నంబరు లావాటి మనిషి మంచం మీద చోటిచ్చి కూర్చోబెట్టుకుని, ఆమె వంట బాగా చేసేదా అని అడిగాడు. నాయన చెప్పాడు, చాలాసేపే. మొదటి పది మంచాల దగ్గర సగంలో ఆగి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది, యాభై దాటేసరికి మాట నిలబడింది. నేను వెనకే తిరుగుతూ సిగ్గుతో చచ్చి, చివరికి చొక్కా పట్టుకుని గుంజాను.

"చాలు నాయనా. అందరికీ తెలిసిపోయింది. ఇంగ రా."

"ఆ మూలాయనకు ఇంకా చెప్పలేదు పాపా" అన్నాడు, కళ్లు తుడుచుకుంటూ. పోయి చెప్పొచ్చి, అరిసె తిన్నాడు, అరటిపండు తిన్నాడు, అన్నం ఎప్పుడు పెడతారని అడిగాడు.

నాలుగేళ్ల కిందట మా ఆయన పోయారు. ఆ నెలలో గ్యాసు బండ తెచ్చినాయనకు చెప్పాను, నంద్యాల బస్సులో పక్క సీటు ఆవిడకు చెప్పాను, తప్పు నంబరుకు ఫోన్ చేసిన ఎవరో హిందీ మనిషికి నాకు రాని హిందీలో చెప్పాను. మా అమ్మాయి మొహం ఎర్రబడి, నా కొంగు పట్టుకుని గుంజింది. "చాల్లేమ్మా, ఎంతమందికని చెప్తావ్?" ఓడలో నాయన చొక్కా గుంజిన ఆ ఇరవై రెండేళ్ల పిల్ల మీద ఏళ్ల తరబడి దాచుకున్న కోపం అప్పుడు పోయింది, దాని బదులు నవ్వొచ్చింది. కొంగు విడిపించుకుని, "ఇంకా కొంతమంది ఉండారు లేమ్మే" అన్నాను.